అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా: ఆ 32 లక్షల కోట్ల డాలర్ల లెక్కలో ఏముంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: అమెరికాలో ప్రైవేటు బీమాను పక్కనపెట్టి ప్రభుత్వమే అందరికీ ఆరోగ్య బీమా కల్పిస్తే పదేళ్లలో 32 లక్షల కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతుందని ఒక వర్గం అంటోంది, దేశానికి పెద్దమొత్తంలో ఆదా అవుతుందని మరో వర్గం అంటోంది, ఇద్దరి చేతుల్లోనూ అధ్యయనాలే ఉన్నాయి, అలాంటప్పుడు జీతం మీద బతికే కుటుంబం ఎవరి మాట నమ్మాలి? నేను పదకొండేళ్లు ఆస్పత్రి బిల్లింగు విభాగంలోనూ, ఆ తర్వాత అంతకంటే కాస్త ఎక్కువ కాలం ఒక బీమా సంస్థ క్లెయిముల విభాగంలోనూ పనిచేశాను. అంటే బిల్లు పంపే బల్ల దగ్గరా కూర్చున్నాను, దాన్ని తిప్పి పంపే బల్ల దగ్గరా కూర్చున్నాను. ఆ అనుభవంతో నాకు తోచిన మాట ముందే చెప్పేస్తాను. ఇద్దరి అంకెలూ చాలావరకు సరైనవే, కానీ ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. బీమా కార్డు మీద ప్రభుత్వం పేరుందా, కంపెనీ పేరుందా అన్నదానికంటే, వైద్యుడికీ ఆస్పత్రికీ మందుల తయారీదారుకీ ఇచ్చే ధరను ఎవరు ఖాయం చేస్తున్నారన్నదే ఖర్చును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ముందు ఆ 32 లక్షల కోట్ల సంగతి చూద్దాం. అందరికీ ప్రభుత్వ బీమా కోసం సెనేటర్ బెర్నీ శాండర్స్ ప్రతిపాదించిన బిల్లు మీద మెర్కేటస్ సెంటర్ అనే పరిశోధన సంస్థకు చెందిన చార్లెస్ బ్లాహస్ 2018లో ఒక అంచనా వెలువరించారు. 2022 నుంచి 2031 వరకు పదేళ్లలో కేంద్ర ప్రభుత్వ ఖర్చు 32.6 లక్షల కోట్ల డాలర్ల మేర పెరుగుతుందన్నది అందులోని ప్రధాన అంకె. వ్యతిరేకులు దాన్ని పట్టుకున్నారు. అదే నివేదికలోని పట్టికలను ఓపికగా చూసినవారికి ఇంకో అంకె కనిపించింది: ప్రభుత్వం, కంపెనీలు, కుటుంబాలు అందరూ కలిసి వైద్యానికి పెట్టే మొత్తం ఖర్చు అదే కాలంలో సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు తగ్గుతుంది. సమర్థకులు దాన్ని పట్టుకున్నారు. వింతేమిటంటే, ఈ రెండింటి మధ్య వైరుధ్యమేమీ లేదు. ఇప్పుడు కంపెనీ ప్రీమియంగానో, మీ జీతంలో కోతగానో, ఆస్పత్రి కిటికీ దగ్గర కో-పేగానో (ప్రతిసారీ రోగి చేతి నుంచి కట్టే వాటా) వెళ్తున్న డబ్బు ప్రభుత్వ ఖాతాలోకి మారితే ప్రభుత్వ పద్దు ఉబ్బుతుంది, మిగతా పద్దులు చిక్కిపోతాయి. ప్రభుత్వ పద్దును మాత్రమే చూపించి "ఇంత ఖర్చు" అనడం, ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నయ్య ఖాతా మాత్రమే చూసి ఇంటి ఖర్చు లెక్కగట్టడం వంటిది.

అయితే బ్లాహస్ ఆ రెండో అంకెను తన సొంత జోస్యంగా చెప్పలేదు. బిల్లులో రాసినట్టుగానే ఆస్పత్రులకూ వైద్యులకూ మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే బీమా) ధరలే చెల్లించగలిగితే అన్న ఊహ మీద వచ్చిన ఫలితం అది. ఆ ధరలు ప్రైవేటు బీమా ఇచ్చేవాటికంటే సుమారు 40 శాతం తక్కువ కాబట్టి అది జరిగే పని కాదన్నదే ఆయన అభిప్రాయం. ఇప్పుడున్న సగటు ధరలే కొనసాగితే ప్రభుత్వ భారం 38 లక్షల కోట్ల డాలర్లకు చేరుతుందని కూడా ఆయనే రాశారు. చూశారా, బిల్లు అదే, జనం వారే, జబ్బులూ అవే. ధర గురించిన ఒక్క ఊహ మారితే పదేళ్ల లెక్కలో అయిదు లక్షల కోట్లకు పైగా తేడా వస్తోంది. మిగతా అధ్యయనాల మధ్య కొట్లాటకూ మూలం చాలావరకు ఇదే. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2019లో వేసిన లెక్కలో కేంద్రం ఖర్చు పదేళ్లలో 34 లక్షల కోట్ల డాలర్లు పెరిగింది, దేశం మొత్తం ఖర్చు కూడా సుమారు 7 లక్షల కోట్లు పెరిగింది. లాన్సెట్ వైద్య పత్రికలో 2020లో వచ్చిన వ్యాసం ప్రకారం దేశం మొత్తం ఖర్చు ఏటా 13 శాతం, అంటే సుమారు 45,000 కోట్ల డాలర్లు తగ్గుతుంది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా చట్టసభకు లెక్కలు వేసి ఇచ్చే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు ఒకే నమూనాకు అయిదు రూపాలు తీసుకుని 2030 సంవత్సరానికి లెక్కవేసింది. కేంద్రం అదనంగా భరించాల్సినది 1.5 నుంచి 3 లక్షల కోట్ల డాలర్లు; దేశం మొత్తం ఖర్చు ఒక కొసన 70,000 కోట్లు తగ్గవచ్చు, మరో కొసన 30,000 కోట్లు పెరగవచ్చు. నన్నడిగితే చదవవలసినది ఈ చివరిదే. అది ఒకే అంకె చెప్పి చేతులు దులుపుకోకుండా, ఏ నిర్ణయం తీసుకుంటే లెక్క ఎటు జరుగుతుందో చూపిస్తుంది.

ఇక ఇప్పుడు మనం ఎంత పెడుతున్నామో చూద్దాం. 2023లో అమెరికా వైద్యానికి పెట్టిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు, జీడీపీలో 17.6 శాతం, తలసరి 14,570 డాలర్లు. ఇందులో కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు భరించేదే సగానికి కాస్త తక్కువ. "ప్రభుత్వ వైద్యం" అన్న మాట వినగానే ఉలిక్కిపడే చాలామందికి, ఇప్పటికే దాదాపు సగం బిల్లు ప్రభుత్వమే కడుతోందన్న సంగతి తెలియదు. ఆ మిగతా సగంలో ముఖ్యమైనది ఉద్యోగం ద్వారా వచ్చే బీమా. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ పేరుతో మొదలై ఇప్పుడు కేఎఫ్ఎఫ్‌గా పిలిచే సంస్థ ఏటా చేసే సర్వేలో, 2024లో ఒక కుటుంబానికి సగటు వార్షిక ప్రీమియం 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి కోసేది 6,296. మిగిలిన 19,000 పైచిలుకు "కంపెనీ ఇస్తుంది" అని మనం అనుకుంటాం. ఆర్థికవేత్తల్లో అత్యధికులు దీన్ని ఒప్పుకోరు. కంపెనీ దృష్టిలో మీ ఖరీదు జీతమూ ప్రీమియమూ కలిపిన మొత్తం. ప్రీమియం పెరిగిన ఏడాది జీతం పెంపు ఎందుకు నీరుగారిపోతుందో దీన్ని బట్టే అర్థమవుతుంది.

ఈ ఏర్పాటును ఎవరూ కూర్చుని రూపకల్పన చేయలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో 1942లో జీతాల మీద పరిమితి పెట్టారు. బీమా వంటి సదుపాయాలను ఆ పరిమితిలో లెక్కించలేదు. పనివాళ్ల కోసం పోటీపడిన కంపెనీలు జీతానికి బదులు బీమాను ఎర వేశాయి. 1954 పన్ను చట్టం ఆ ప్రీమియానికి ఆదాయపు పన్ను మినహాయింపును స్థిరపరిచింది. యుద్ధకాలపు సర్దుబాటు ఒకటి శాశ్వతంగా కుదురుకుపోయింది. దాని ఫలితమే నేడు ఉద్యోగం పోయిన మనిషికి జీతంతో పాటు ఉద్యోగ బీమా కూడా పోవడం.

నిర్వహణ ఖర్చు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో సగం అందులోనే గడిచింది. వాదనల్లో తరచుగా వినిపించే అంకె: మెడికేర్ నిర్వహణ ఖర్చు సుమారు 2 శాతం, ప్రైవేటు బీమాలో అది రెండంకెల్లో ఉంటుంది. అంకెలు తప్పు కావు, కానీ పోలిక అంత శుభ్రమైనది కాదు. మెడికేర్ ప్రధానంగా వృద్ధులకు సంబంధించినది కాబట్టి ఒక్కొక్కరి వైద్యం బిల్లు పెద్దది. హారం పెద్దదైతే శాతం చిన్నదిగా కనిపిస్తుంది. మెడికేర్ డబ్బు వసూలు చేసే పని పన్నుల శాఖ చేస్తుంది, ఆ ఖర్చు ఇంకో పద్దులో పడుతుంది. పైగా 2023 నాటికి మెడికేర్ అర్హుల్లో సగానికి పైగా ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాల్లోనే ఉన్నారు. ఈ సవరణలన్నీ చేసినా తేడా మిగులుతుంది, కానీ ప్రచారంలో చెప్పినంత కాదు.

అసలు తేడా బీమా కంపెనీ లోపల కనిపించేదానికంటే ఆస్పత్రి లోపల ఎక్కువగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. నేను బిల్లింగులో ఉన్న రోజుల్లో ఒక రోగికి మోకాలి ఎంఆర్‌ఐ రాశారు. మా షెడ్యూలింగు ఉద్యోగిని బీమా సంస్థకు ఫోన్ చేసి ముందస్తు అనుమతి తీసుకుంది. అనుమతి 73721 అన్న కోడ్‌కు వచ్చింది, అంటే కాంట్రాస్ట్ మందు (చిత్రం స్పష్టంగా రావడానికి ఎక్కించేది) లేకుండా తీసే స్కాన్. రోగి బల్లమీద ఉండగా రేడియాలజిస్టు మొదటి చిత్రాలు చూసి, కాంట్రాస్ట్ కూడా అవసరమని నిర్ణయించారు. వైద్యపరంగా అది సరైన నిర్ణయమే. దాంతో కోడ్ 73723 అయింది. మేము పంపిన బిల్లు మూడు వారాల తర్వాత "అనుమతికీ సేవకూ పొంతన లేదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది. నేను అప్పీలు రాశాను, రికార్డులు ఫ్యాక్స్ చేశాను, ఆ పేజీల్లో రెండు అందలేదన్నారు, మళ్లీ పంపాను. చివరికి రాసిన వైద్యుడే రోగులను బయట కూర్చోబెట్టి బీమా సంస్థ వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడితే డబ్బు వచ్చింది. మొత్తం మీద ఆ ఒక్క బిల్లు మీద మా వైపు నలుగురం, వారి వైపు కనీసం ముగ్గురు పనిచేశాం. ఆ ఏడుగురి జీతమూ వైద్య ఖర్చు కిందికే వస్తుంది. కొన్నేళ్ల తర్వాత అవతలి బల్ల దగ్గర చేరినప్పుడు నాకు ఇచ్చిన మొదటి పనుల్లో ఒకటి, సరిగ్గా అలాంటి పొంతన లేని క్లెయిములను ఏరి తిప్పి పంపడం. నేను ఆ పని బాగానే చేశాను, ఆ ఏడాది నా పనితీరు నివేదిక కూడా బాగా వచ్చింది.

ఇందులో బీమా సంస్థ చెడ్డదనీ, ఆస్పత్రి మంచిదనీ చెప్పడం నా ఉద్దేశం కాదు. అనవసర స్కాన్లు రాసే వైద్యులను నేను చూశాను. ముందస్తు అనుమతి అనే ఆ కాపలా లేకపోతే ఖర్చు ఇంకొంత పెరిగేది. ఇబ్బంది ఎక్కడంటే, ఒక ఆస్పత్రి డజన్ల కొద్దీ బీమా పథకాలతో వ్యవహరిస్తుంది, ఒక్కొక్కదానికీ వేరే నిబంధన, వేరే ఫారం, వేరే గడువు. డేవిడ్ హిమెల్‌స్టైన్, స్టెఫీ వూల్‌హాండ్లర్ 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2017లో అమెరికా వైద్య ఖర్చులో 34 శాతం పరిపాలన కిందికే పోయింది, కెనడాలో అది 17 శాతం. ఆ ఇద్దరూ ఏకైక ప్రభుత్వ బీమాను బాహాటంగా సమర్థించేవారు, పరిపాలన అన్న మాటకు వారిచ్చిన నిర్వచనం కూడా విశాలమైనది, కాబట్టి నేను ఆ అంకెను కాస్త తగ్గించుకునే చదువుతాను. కానీ కెనడాతో సగానికి సగం తేడా ఉందన్నది నా బల్లమీద చూసినదానికి దూరంగా లేదు.

ఇక్కడే ఒక పిట్టకథ లాంటి నిజం కూడా ఉంది. ఒబామాకేర్‌గా పిలిచే 2010 చట్టం ప్రకారం బీమా సంస్థలు వసూలు చేసిన ప్రీమియంలో వ్యక్తిగత, చిన్న కంపెనీల పథకాల్లో 80 శాతం, పెద్ద కంపెనీల పథకాల్లో 85 శాతం వైద్యానికే ఖర్చుపెట్టాలి, లేకపోతే తేడాను వినియోగదారులకు వెనక్కి ఇవ్వాలి. నియమం మంచిదే. కాని లాభానికి శాతంలో పరిమితి పెడితే, లాభాన్ని పెంచుకోవడానికి మిగిలిన దారి మొత్తం ఖర్చు పెరగడమే. ఆస్పత్రి ధరలు పెరిగినప్పుడు బీమా సంస్థలు మనం ఆశించినంత గట్టిగా ఎందుకు పోట్లాడవో అర్థం చేసుకోవడానికి ఇది ఒక తాళంచెవి.

నిర్వహణ మొత్తాన్నీ ఒక్క దెబ్బతో సగానికి కోసినా, అమెరికాకూ ఇతర సంపన్న దేశాలకూ మధ్య ఉన్న అంతరం పూర్తిగా పూడదు. పెద్ద ముద్ద ధరల్లో ఉంది. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2022 నాటి చెల్లింపులను పరిశీలించి, ప్రైవేటు బీమా ఆస్పత్రులకు ఇచ్చిన ధర సగటున అదే సేవకు మెడికేర్ ఇచ్చేదానిలో 254 శాతమని తేల్చింది. మా ఆస్పత్రి కంప్యూటర్‌లో ఒకే స్కాన్‌కు బీమా సంస్థను బట్టి వేర్వేరు ధరల వరుస ఉండేది, కొత్తగా చేరినవారు దాన్ని చూసి ముద్రణ దోషమేమో అనుకునేవారు. 2021 జనవరి నుంచి ఆస్పత్రులు ఈ ఒప్పంద ధరలను బయటపెట్టాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది కాబట్టి, ఇప్పుడు ఆ వరుసను మీరు కూడా చూడవచ్చు.

మరి అందరికీ మెడికేర్ ధరే ఇస్తే సరిపోతుంది కదా అంటారు. పిల్లి మెడలో గంట కట్టడం ఇక్కడే కష్టమవుతుంది. వైద్యంలో ఆదా అయిన ప్రతి డాలరూ మరొకరి ఆదాయంలోంచి తగ్గిన డాలరే. నగరంలోని పెద్ద ఆస్పత్రుల సముదాయం ఆ కోతను తట్టుకుంటుంది. ప్రైవేటు రోగుల మీద వచ్చే మిగులుతో అత్యవసర విభాగాన్ని నెట్టుకొస్తున్న చిన్న ఊరి ఆస్పత్రి తట్టుకోలేదు. నర్సుల జీతాలు, అప్పు చేసి చదివిన యువ వైద్యుల వాయిదాలు, నాలాంటి బిల్లింగు గుమస్తాల ఉద్యోగాలు, అన్నీ ఆ 254 శాతం ధర మీదే నిలబడి ఉన్నాయి. ప్రభుత్వ బీమాను సమర్థించేవారిలో చాలామంది ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించడం గమనించాను. నా అభిప్రాయంలో ధరలను పదేళ్ల మీద మెట్లు మెట్లుగా దించడం తప్ప దారి లేదు, అలా చేస్తే మొదటి కొన్నేళ్లలో ఆదా కనిపించదు, ఖర్చే కనిపిస్తుంది.

ఉచితమైతే జనం ఎగబడతారు కదా అన్న సందేహానికి కొంతవరకు రుజువైన సమాధానాలు ఉన్నాయి. ర్యాండ్ సంస్థే 1974 నుంచి 1982 వరకు కుటుంబాలను లాటరీ పద్ధతిలో వేర్వేరు బీమా పథకాల్లో పెట్టి చూసింది. దాదాపు ఖర్చంతా తామే భరించాల్సిన పథకంలోని వారు, పూర్తి ఉచిత పథకంలోని వారికంటే సుమారు 30 శాతం తక్కువ ఖర్చుపెట్టారు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు, కాని జబ్బుతో ఉన్న పేదల్లో రక్తపోటు అదుపు వంటివి దెబ్బతిన్నాయి. అంతకంటే ముఖ్యమైనది, తమ జేబు నుంచి కట్టాల్సి వచ్చినప్పుడు జనం అనవసర వైద్యాన్నీ అవసరమైన వైద్యాన్నీ దాదాపు సమానంగా తగ్గించుకున్నారు. ఏది అవసరమో తెలిస్తే వారు వైద్యుడి దగ్గరికి వెళ్లడమే ఎందుకు? ఒరెగాన్ రాష్ట్రంలో 2008లో మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే బీమా) సీట్లకు లాటరీ వేసినప్పుడు జరిగిన పరిశీలన కూడా ఇటువంటిదే. బీమా దొరికినవారు అత్యవసర విభాగానికి వెళ్లడం 40 శాతం పెరిగింది. మానసిక కుంగుబాటు బాగా తగ్గింది, ఇంటి ఆదాయాన్ని మింగేసేంత పెద్ద వైద్య ఖర్చులు మీద పడటం దాదాపు మాయమైంది, రక్తపోటు, కొలెస్ట్రాల్ అంకెల్లో మాత్రం రెండేళ్లలో చెప్పుకోదగ్గ మార్పు తేలలేదు. కాబట్టి బీమా ఇస్తే అత్యవసర విభాగాల రద్దీ తగ్గి దానంతట అదే డబ్బు మిగులుతుందన్న మాట నేను అనను. వాడకం పెరుగుతుంది. ఇంతవరకు వైద్యం అందనివారు వైద్యం పొందితే పెరగాలి కూడా.

ఈ లెక్కలన్నీ కాగితం దాటి ఆచరణ గుమ్మం దాకా వెళ్లిన చోటు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం. 2011లో గవర్నర్ పీటర్ షుమ్లిన్ ఏకైక ప్రభుత్వ బీమా దిశగా చట్టం మీద సంతకం చేశారు. తైవాన్ బీమా రూపకల్పనలో పాలుపంచుకున్న హార్వర్డ్ ఆర్థికవేత్త విలియం షావ్ అంతకుముందే పెద్ద ఆదా సాధ్యమని లెక్కవేసి ఇచ్చారు. మూడేళ్ల తర్వాత, 2014 డిసెంబరులో, షుమ్లినే దాన్ని విరమించుకున్నారు. తుది లెక్కలో వ్యాపారాల మీద జీతాల పద్దులో 11.5 శాతం పన్ను, వ్యక్తుల మీద ఆదాయాన్ని బట్టి 9.5 శాతం వరకు ప్రీమియం అవసరమని తేలింది. ఆ అంకెలు వినగానే గుండె ఝల్లుమంటుంది నిజమే, కాని ఒక్కసారి ఆగి చూడండి. ఏడాదికి 60,000 డాలర్ల జీతమున్న ఉద్యోగి కుటుంబానికి కంపెనీ 19,000 డాలర్ల ప్రీమియం కడుతుంటే, అది జీతంలో 30 శాతం పైమాటే. ఆ కంపెనీకి 11.5 శాతం పన్ను లాభమే. అప్పటిదాకా బీమా ఇవ్వని చిన్న దుకాణదారుకు మాత్రం అది ఆకాశం నుంచి ఊడిపడ్డ బరువు. మొత్తం ఖర్చు తగ్గినా, ఎవరు ఎంత కడతారన్నది తారుమారవుతుంది. లాభపడేవాడు నోరు మెదపడు, నష్టపోయేవాడు వీధికెక్కుతాడు. దానికి తోడు ఆశించినంత కేంద్ర నిధులు రాలేదు, పథకాన్ని చాలా ఉదారంగా రాసుకున్నారు, ధరలను గట్టిగా దించే తెగువ కూడా చూపలేదు. వెర్మాంట్‌ను ప్రభుత్వ బీమా అసాధ్యమనడానికి రుజువుగా చూపించేవారితో నేను ఏకీభవించను. అంత చిన్న రాష్ట్రం ఒంటరిగా చేయలేదన్నది మాత్రం రుజువైంది.

ఉదారత అన్నాను కాబట్టి ఇంకో మాట. శాండర్స్ బిల్లులో డిడక్టిబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు రోగే భరించాల్సిన మొత్తం) లేదు, కో-పే దాదాపు లేదు, దంతాలు, కళ్లు అన్నీ చేరాయి. అంత విశాలమైన పథకం నిజానికి చాలా దేశాల్లో లేదు. కెనడాలో వైద్యుడూ ఆస్పత్రీ ఉచితమే గాని మందుల చీటీ పూర్తిగా ఆ కవచంలోకి రాలేదు. అమెరికాలో సంప్రదాయ మెడికేర్‌లోనే డాక్టరు బిల్లులో 20 శాతం రోగి మీద పడుతుంది, దానికి పైపరిమితి కూడా లేదు, అందుకే వృద్ధులు మళ్లీ ప్రైవేటు అనుబంధ పాలసీ కొంటారు. "అందరికీ బీమా" అన్నదీ "అన్నీ ఉచితం" అన్నదీ రెండు వేర్వేరు నిర్ణయాలు, వాటి ఖర్చులూ వేర్వేరు.

ఇతర దేశాల పోలికలో మనవాళ్లు ఎప్పుడూ కెనడా, బ్రిటన్ల దగ్గరే ఆగిపోతారు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ 1948 జులైలో మొదలైనప్పుడు మొదటి ఏళ్లలో ఖర్చు అంచనాలను దాటింది, గగ్గోలు పుట్టింది, కట్టుడు పళ్లకూ కళ్లద్దాలకూ రుసుము పెట్టినందుకు నిరసనగా దాని రూపశిల్పి అనైరిన్ బెవన్ 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. తీరా గిల్బో కమిటీ 1956లో లెక్కతీస్తే జాతీయాదాయంలో ఆ సేవ వాటా తగ్గిందని తేలింది. బ్రిటన్ తక్కువ ఖర్చుకు అందరినీ చూసుకుంటుంది, దాని మూల్యం వరుసలో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ముందే నిర్ణయించిన చికిత్సల కోసం నిరీక్షిస్తున్న కేసులు 2023 సెప్టెంబరుకు 77 లక్షలు దాటాయి. డబ్బుతో కట్టని ధరను ఎదురుచూపుతో కట్టడమన్నమాట.

నాకు మాత్రం జపాన్, జర్మనీలు ఎక్కువ పనికివస్తాయనిపిస్తుంది. జపాన్ 1961లో అందరికీ బీమా సాధించింది. అక్కడ బీమా నిర్వాహక సంస్థలు వేల సంఖ్యలో ఉన్నాయి. కాని ధరల పట్టిక దేశమంతటికీ ఒక్కటే, రెండేళ్లకోసారి సవరిస్తారు. జనాభాలో వృద్ధుల వాటా ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటైనా జీడీపీలో అమెరికా కంటే ఎంతో తక్కువతో సరిపెట్టుకుంటోంది. జర్మనీలోనూ అనేక సంస్థలు ఉన్నాయి, ధరను మాత్రం అవన్నీ కలిసి ఒక్క గొంతుతో మాట్లాడుకుంటాయి. స్విట్జర్లాండ్ ఓటర్లు 2014లో ఏకైక ప్రభుత్వ బీమాను సుమారు 62 శాతం ఓట్లతో తిరస్కరించి తమ ప్రైవేటు సంస్థలనే ఉంచుకున్నారు, అయితే ప్రాథమిక బీమా మీద ఆ సంస్థలకు లాభం తీసుకునే హక్కు లేదు. అమెరికాలోనే మేరీల్యాండ్ రాష్ట్రం 1970ల నుంచి ఆస్పత్రి ధరలను ఎవరు చెల్లించినా ఒకేలా ఉండేట్టు నిర్ణయిస్తూ వచ్చింది. బీమా సంస్థలు ఎన్ని ఉన్నాయన్నదానికంటే ధరల పట్టికలు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యమని నేను అనడానికి ఆధారం ఇవే. ప్రైవేటు బీమాను రద్దు చేయకుండానే ఈ ఆదాలో పెద్ద భాగం రాబట్టవచ్చు. రద్దు చేసి కూడా ధరల జోలికి పోకపోతే దాదాపు ఏమీ మిగలదు.

మీ ఇంటి వరకు వస్తే, ఎవరి అధ్యయనమూ నమ్మనవసరం లేదు, లెక్క మీరే వేసుకోవచ్చు. జనవరిలో కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల వివరాలుండే) కాగితంలో 12వ గడి చూడండి. పెద్ద కంపెనీ అయితే అక్కడ డీడీ అన్న అక్షరాల పక్కన ఒక మొత్తం ఉంటుంది. మీ వాటా, కంపెనీ వాటా కలిపి ఆ ఏడాది మీ ఆరోగ్య బీమాకు అయిన ఖర్చు అది. చాలామంది దాన్ని పన్ను అనుకుని వదిలేస్తారు. దానికి ఆ ఏడాది మీరు కట్టిన డిడక్టిబుల్, కో-పే, నెట్‌వర్కులో లేని (మీ బీమా సంస్థతో ఒప్పందం లేని) వైద్యుడికి ఇచ్చిన బిల్లు కలపండి. జీతం చీటీలో మెడికేర్ పన్నుగా పోయిన 1.45 శాతాన్నీ కలపండి, ఎందుకంటే ఇప్పటికే ఇంకొకరి ప్రభుత్వ బీమాకు మీరు కడుతున్నది అది. వచ్చిన మొత్తాన్ని మీ జీతంతో భాగించండి. రేపు ఎవరైనా ప్రభుత్వ బీమా కోసం ఇన్ని శాతం కొత్త పన్ను అని చెబితే, పోల్చుకోవలసినది ఆ శాతంతో. మీ డబ్ల్యూ-2లో డీడీ లేకపోతే కంపెనీ మానవ వనరుల విభాగాన్ని అడిగితే చెబుతారు.